మూడు ఆంపియర్ గంటల వెండి

డిగ్రీ రెండో ఏడు ఫిజిక్స్‌లో
గంటను అరవైతో గుణించి ఫెయిలైనదాన్ని.
ఆంపియర్ గంటను కులూంబుల్లోకి మార్చమంటే
మొదటి అరవై దగ్గరే ఆగిపోయాను.
నిమిషం కడుపులో ఇంకో అరవై ఉంటుందని
హాల్లోంచి బయటికొచ్చాక,
మెహదీపట్నం బస్సులో గుర్తొచ్చింది.

ఇప్పుడు గుల్జార్ హౌజ్ వెనక సందులో
వెండిపూత కార్ఖానాలో చిట్టా రాస్తాను.
చేదు బాదం వాసన, నీలం ప్లాస్టిక్ తొట్టి,
గోడకి వేలాడే రెక్టిఫయర్ డబ్బా.
సర్వర్ మామూకి కులూంబంటే ఎవరో తెలియదు.
"ముల్లు రెండు మీద పెట్టి
గంటన్నర ఉంచితే పన్నెండు గ్రాములు ఎక్కుతది బేటీ"
అంటాడు. తూచి చూస్తే అంతే ఉంటుంది.

నేను చిట్టా వెనక పేజీలో
ఆయన మాటని నా మాటలోకి మారుస్తాను:
రెండు ఆంపియర్లు, గంటన్నర,
అంటే మూడు ఆంపియర్ గంటలు,
అంటే పదివేల ఎనిమిది వందల కులూంబులు.
ఒక్కొక్కటీ మోసుకొచ్చే వెండి
ఒక మిల్లీగ్రాము, పైన కాస్త కొసరు.

నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ
అని వేళ్ళ కణుపుల మీద చెప్పేది నాయనమ్మ.
కొలపాత్ర మారినా గింజ మారదే, అనేది.
ఇక్కడి గింజలు లెక్కపెట్టాలంటే
అరవై రెండు రాసి పక్కన పదిహేడు సున్నాలు,
అదీ ఒక్క కులూంబుకే.
చిట్టా గీతల మధ్య పట్టక
చివరి సున్నాలు అట్ట మీదికి పోయాయి.

మొన్న చాదర్‌ఘాట్ బ్యాండు మేళం ఎల్లస్వామి
తువ్వాలులో చుట్టి బాకా తెచ్చాడు.
మూడు మీటల దగ్గర, మూతి దగ్గర
ఇత్తడి పచ్చగా బయటపడింది.
"పన్నెండు గ్రాములకే పైసలున్నయ్. అంతనే ఎయ్యిండ్రి."

నలభై నిమిషాలైంది. ఆకాశం ఒక్కసారి పగిలింది,
మిట్టీ కా షేర్ దాకా కరెంటు పోయింది.
ఇంత హంగామా చేసే మెరుపులో
ఉండేది ఏ పదిహేను కులూంబులో.
వెండిలోకి మారిస్తే పదిహేడు మిల్లీగ్రాములు,
ముక్కుపుడకకి కూడా చాలదు.
ఎల్లస్వామి అడిగింది
అలాంటివి ఏడు వందల ఇరవై.

సేటు కొడుకు టార్చ్ కొట్టి చూశాడు.
"మెరుస్తోంది కదా, తీసెయ్."
నిజమే, మెరుస్తోంది.
నాలుగువేల ఎనిమిది వందలు ఎక్కాయి,
ఆరువేలు రావాలి.
ఆ ఆరువేలు లేని సంగతి
ఏ కంటికీ కనిపించదు.
నాకు మాత్రం పెన్సిల్ మొనలో కనిపిస్తోంది.

నేనేమీ అనలేదు. జీతం ఇంకా రాలేదు.
పేజీ మాత్రం మామూ వైపు తిప్పాను.
నా అంకెలు ఆయనకి అర్థం కావు,
కిందనున్న ఆరు, దాని వెనక మూడు సున్నాలు చూసి
"ఎంత టైము?" అన్నాడు.
యాభై నిమిషాలు, అన్నాను.
"తీసి కడుగుతా. కరెంటొస్తే మళ్ళా దించుతా,"
అని సేటు కొడుకుతో చెప్పి
స్టూలు మీద చతికిలబడ్డాడు.

తొమ్మిదిన్నరకి గల్లీ అంతా ఒక్కసారి వెలిగింది.
ముల్లు రెండు మీదికి వచ్చి నిలబడింది.
పదీ ఇరవైకి బాకా పైకి తీశాం, తూచాం.
పన్నెండు, చుక్క ఎక్కువే.
ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.
ఆటోకి నూట నలభై.

ఈ పెళ్ళిళ్ళ కాలం దాటేసరికి
ఎల్లస్వామి వేళ్ళ చెమటకి
మీటల మీద మళ్ళీ ఇత్తడి తేలుతుంది.
తువ్వాలులో చుట్టుకుని వస్తాడు.
ఆ మూడు చోట్లకీ ఎన్ని కులూంబులో
ఇప్పుడే లెక్కకట్టి పెట్టుకున్నాను.
అరవైతో కాదు.